పెట్టెలో పెట్టె: కొవ్వూరు వాక్యానికి టీకా తాత్పర్యం

మూలం: “ఏవండీ, పెట్టె మన పెట్టెలోనే పెట్టారా?”

అవతారిక. ఇది కొవ్వూరు స్టేషనులో రాత్రిపూట పుట్టిన వాక్యం. గోదావరి దాటి వచ్చిన హైదరాబాదు బండి ఆగీ ఆగకుండా ఆగింది. కూతురి కొత్త ఫ్లాటు గృహప్రవేశానికి బయల్దేరిన దంపతుల్లో భార్య ఒక గుమ్మంలోంచి ఎక్కింది. సామానుతో వెనకబడ్డ భర్త దొరికిన గుమ్మంలోంచి ఎక్కాడు. బండి కదిలింది. కాసేపటికి ఆయన చేతులూపుకుంటూ బీ-2లోకి వచ్చాడు. ఆవిడ ఆ చేతుల వంక చూసి పై మాట అన్నది.

మూలంలో లేనిది రాయను, అక్కర్లేనిది చెప్పను అని మల్లినాథసూరి ఒట్టు పెట్టుకున్నాడని పెద్దలంటారు. ఈ టీకాకారుడికి ఆ ఒట్టు లేదు. పైగా ఇది ఆంధ్ర గీర్వాణ విద్యాపీఠం ఉన్న ఊరు. ఇక్కడ పుట్టిన వాక్యాన్ని వ్యాఖ్యానం లేకుండా రైలెక్కించడం ఊరికే అవమానం.

ఏవండీ. ఇది సంబోధన. పేరెత్తకుండా మనిషిని నిలబెట్టే ఉపాయం. ఇందులో గౌరవం ఎంత, హెచ్చరిక ఎంత అన్నది “వం” మీద పడే ఒత్తును బట్టి తేలుతుంది. ఇక్కడ బాగానే పడింది. ముందుకు పోదాం.

పెట్టె. వాక్యంలో ఇది రెండుసార్లు వచ్చింది. “పెట్టారా”ను కూడా కలుపుకుంటే చెవికి మూడుసార్లు. మొదటి పెట్టె సామాను పెట్టె. అందులో రెండు పట్టుచీరలు, అల్లుడికి బట్టలు, ఆత్రేయపురం పూతరేకులు, వాసెన కట్టిన ఆవకాయ జాడీ ఉన్నాయి. రెండో పెట్టె రైలు పెట్టె. అందులో ఊరంతా ఉంది.

ఈ మాట ఎక్కడిదని అడిగితే పండితులు రెండు జట్లవుతారు. సంస్కృతపు “పేటిక”లోంచి దిగిందని ఒక జట్టు. తమిళంలో పెట్టి, కన్నడంలో పెట్టిగె ఉన్నాయి గనక అది మన ఇంటి సరుకే, సంస్కృతమే మన దగ్గర బదులు తీసుకుందని ఇంకో జట్టు. మూడో వాదం టీకాకారుడిది: ఏదో ఒకటి పెట్టేది గనక పెట్టె. శాస్త్రం దీన్ని ఒప్పుకోదు గానీ వంటింట్లో పోపుల పెట్టెను అడిగితే ఒప్పుకుంటుంది.

అసలు ఈ మాటకు మొదట్నుంచీ ఆకలి ఎక్కువ. అగ్గిపెట్టె, నగలపెట్టె, ఇనప్పెట్టె, హార్మోనియం పెట్టె, ఓట్ల పెట్టె, తేనెటీగల పెట్టె, చివరికి శవపెట్టె. అగ్గిపుల్ల మొదలు మనిషి దాకా దేన్ని లోపల పెట్టి మూసినా పేరు మారదు. కొలతతో దీనికి పనిలేదు. కొవ్వూరు వాళ్లకు ఇదేం వింత కాదు. గోష్పదమంటే ఆవు గిట్ట దిగిన గుంటలో నిలిచేటన్ని నీళ్లు. ఆ పేరు పెట్టుకున్న గోష్పాద క్షేత్రం రేవు పక్కనే గోదావరి దాదాపు మూడు కిలోమీటర్ల వెడల్పున పోతోంది. పేరుకూ పరిమాణానికీ సంబంధం లేదన్నది ఈ ఊళ్లో రేవులో దిగితేనే తెలిసే సంగతి.

పెట్టెకు రైలు అర్థం ఎప్పుడొచ్చింది? 1852లో అచ్చయిన బ్రౌన్ దొర తెలుగు-ఇంగ్లీషు నిఘంటువులో ఆ అర్థానికి చోటుండే వీల్లేదు. ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయిందీ ఆ ఏడే. అప్పటికి ఇటువైపు సామాను పోయేది పడవల మీద, ఎద్దుబళ్ల మీద, కావిళ్ల మీద. దక్షిణాదిన మొదటి ప్రయాణికుల రైలు మద్రాసు రాయపురం నుంచి ఆర్కాటు వైపు కదిలింది 1856 జులై 1న. అంటే బ్రౌన్ నిఘంటువు రైలు కంటే నాలుగేళ్లు ముందే ప్లాట్‌ఫారం వదిలేసింది.

ఆ తొలినాటి రైలును చూసినవాడు దాన్ని పెట్టె అనక ఏమంటాడు? చెక్కతో చేసింది. ఒక గదికీ ఇంకో గదికీ లోపల దారి లేదు. గదికో తలుపు. ఎక్కినవాణ్ణి లోపల పెట్టి, బయట గడియ వేసి, కింద చక్రాలు తగిలించి పంపేవాళ్లు. అప్పటికి మన ఇళ్లలో పెద్ద పెట్టె అంటే భోషాణం. పెళ్లిళ్లకు దింపే ఇత్తడి గుండిగలు లోపల, మధ్యాహ్నం నిద్రకు తాతగారు పైన. అది కదలదు, తాతగారు కదలనివ్వరు. భోషాణానికి చక్రాలు పెడితే ఎట్లా ఉంటుందో మొదటి రైలు పెట్టె అట్లా ఉందన్నమాట. కాబట్టి ఇది సాదృశ్యాన్ని బట్టి వచ్చిన అర్థం.

ఆ తరవాత రెండు పెట్టెలూ తోడబుట్టిన వాళ్లలాగే పెరిగాయి. ఇంట్లో చెక్క భోషాణం పోయి రేకు ట్రంకు వచ్చింది. మూత మీద పువ్వులు, తెల్లరంగుతో పేరు, ఊరు, ముందు గొళ్లేనికి తాళం. రైల్లోనూ చెక్క పోయి ఉక్కు వచ్చింది. పెరంబూరులో ఇంటిగ్రల్ కోచ్ ఫ్యాక్టరీ 1955లో తెరిచారు. మనం ఏళ్ల తరబడి ఎక్కిన నీలం పెట్టెలు ఆ తీరువే. ఈ శతాబ్దం మొదట్లో జర్మనీ నమూనా ఎల్‌హెచ్‌బీ పెట్టెలొచ్చాయి. పాతది 21.3 మీటర్లయితే ఇది 23.54 మీటర్లు. స్లీపరు పెట్టెలో 72 పడకలు 80 అయ్యాయి, ఏసీ త్రీటైరులో 64 కాస్తా 72 అయ్యాయి. రైలు పెట్టె ఇట్లా సాగుతుంటే సామాను పెట్టె కుంచించుకుపోయింది. ఇప్పుడది పాలికార్బొనేటు. బొటనవేలితో నొక్కితే సొట్ట పడుతుంది, వేలు తీస్తే సర్దుకుంటుంది. తాతగారు పడుకోలేరు.

శాసనం సంగతి కూడా చెప్పాలి. పెట్టెలోకి ఎంత పెట్టె ఎక్కవచ్చునో రైల్వే వారు రాసి పెట్టారు. ఏసీ ఫస్టుకు 70 కిలోలు, టూటైరుకు 50, త్రీటైరుకూ స్లీపరుకూ 40, సెకండు క్లాసుకు 35 దాకా సామానుకు డబ్బు కట్టక్కర్లేదు. పెట్టె కొలత 100 సెంటీమీటర్ల పొడవు, 60 వెడల్పు, 25 ఎత్తు దాటకూడదు. ఏసీ త్రీటైరులో అయితే 55, 45, ఇరవై రెండున్నర. మన కథలోని పెట్టెను టేపుతో కొలవలేదు. కొలిస్తే ఆవకాయ జాడీ దగ్గర పేచీ వస్తుంది.

పూర్వపక్షం. “రైలు పెట్టెను ఇప్పుడెవరు పెట్టె అంటున్నారండీ? పేపర్లో బోగీ అని రాస్తారు, ఫోనులో కోచ్ అని వస్తుంది” అంటారా, వినండి. ఇంగ్లీషువాడికి బోగీ అంటే పెట్టె కింద ఉండే చక్రాల చట్రం. మనవాళ్లు చట్రం పేరును పైనున్న పెట్టెకు ఎత్తేశారు. ఇది తప్పా అంటే శాస్త్రం తప్పనదు. “గంగలో గొల్లపల్లె” అంటే గంగ ఒడ్డున పల్లె అని అర్థం చెప్పుకున్నట్టే దీన్నీ లక్షణావృత్తి కింద సరిపెట్టుకోవచ్చు. ప్రమాదాల వార్తల్లో మాత్రం విలేకరులు తెలియకుండానే ముఖ్యార్థం రాస్తుంటారు. “బోగీలు పట్టాలు తప్పాయి” అన్నప్పుడు పట్టా తప్పేది సరిగ్గా బోగీయే. పెట్టె దాని వెంట పోతుంది, అంతే.

కోచ్ మాటకొస్తే అది హంగరీ దేశంలో ఒక ఊరి పేరు. ఆ ఊళ్లో గుర్రబ్బండ్లు బాగా చేసేవారు. ఉప్పాడ అంటే చీర అయినట్టు, వాళ్లకు ఆ ఊరి పేరంటే బండి అయింది. సూటిగా చూస్తే హిందీవాడి “డిబ్బా” ఒక్కటే మన పెట్టెకు సమానం. వాడిదీ డబ్బానే, వాడి రైలూ డబ్బానే. తమిళుడి పెట్టీ అంతే. ఊరి పేరును అరువు తెచ్చుకోకుండా ఇంట్లో ఉన్న మాటనే రైలెక్కించిన వాళ్లం మనమంతా ఒక పంక్తి.

గార్డు పెట్టె ప్రకరణం. పెట్టెకున్న రెండర్థాలూ ఒకే సమాసంలో కాపురం చేసిన చోటు ఇది. బండి చివర తగిలించి, గార్డు పచ్చజెండా ఊపే పెట్టె గార్డు పెట్టె. దాంట్లోకి ఆయనతోపాటు ఎక్కే ఇనప పెట్టె కూడా గార్డు పెట్టే. ఆ రెండోదాన్ని రైల్వే వాళ్లు లైన్ బాక్స్ అంటారు. ఎర్రజెండా, పచ్చజెండా, చేతి దీపం, పొగమంచులోనో ప్రమాదంలోనో పట్టా మీద పెట్టి పేల్చే డిటొనేటర్లు, నిబంధనల పుస్తకాలు అందులో ఉంటాయి. పెద్ద జంక్షన్లలో ప్లాట్‌ఫారం చివర ఇవి వరసగా కనిపించేవి. ఒక్కోదాని మీద గార్డు పేరు, హోదా, హెడ్‌క్వార్టర్ రాసి ఉండేవి. మోసి ఎక్కించడానికి దించడానికి వేరే మనుషులుండేవారు. డ్యూటీ ఎక్కే గార్డు తన పెట్టె తన పెట్టెలో పెట్టారో లేదో చూసుకునేవాడు. కొవ్వూరు ఇల్లాలి వాక్యాన్ని వంద సంవత్సరాల పైచిలుకు ఉద్యోగ ధర్మంగా పలికినవాడు ఆయన.

విగ్రహవాక్యం చెప్పాలంటే, ఇనప పెట్టె విషయంలో గార్డు యొక్క పెట్టె అని షష్ఠీ తత్పురుష. చివరి పెట్టె విషయంలో గార్డు ఉండే పెట్టె అని మధ్యపదం లోపించిన సమాసం. బాగానే ఉంది. ఇంతలో రైల్వే వారు ఇనప పెట్టె వద్దు, ట్రాలీ బ్యాగు పట్టుకెళ్లమన్నారు. మోత మామీద పెడతారా అని గార్డులు గొడవ చేశారు. 2022 జనవరిలో అసలు గార్డు అనే పేరే తీసేసి ట్రైన్ మేనేజర్ అన్నారు. పూర్వపదం పోయింది. ఉత్తరపదం పోతోంది. గార్డు పెట్టె అనే సమాసం మాత్రం ప్లాట్‌ఫారం మీద నిక్షేపంగా ఉంది. “జనరలెక్కడండీ?” అని అడిగితే “గార్డు పెట్టె పక్కన” అనే చెబుతారు. వ్యాకరణం చదివినవాళ్లు ఈ సమాసాన్ని ఏ పేరుతో పిలుస్తారో చూడాలని ఉంది.

బండి. ఈ మాట మూలంలో లేదు. అయినా దీన్ని వదిలితే పెట్టె నిలవదు. ఒకప్పుడు బండి అంటే రెండెడ్ల బండి, సవారీకైతే గూడుబండి. రైలొచ్చాక పొగబండి అన్నారు, తరవాత పొగ జారిపోయి ఒట్టి బండి మిగిలింది. స్టేషను మైకులో ఇప్పటికీ బండి నంబరనే వింటాం. ఊళ్లో కుర్రాడు “బండేసుకొస్తా” అంటే మాత్రం మోటారు సైకిలు. కొవ్వూరుకూ రాజమండ్రికీ మధ్య 1974లో తెరిచిన రైలు-రోడ్డు వంతెన మీద ఈ మాటలు రెండంతస్తులుగా విడిపోయాయి. పైన బళ్లు, కింద పెట్టెలు. గోదావరి మీద శబ్దార్థ విచారం ఇంత కొట్టొచ్చినట్టు కనిపించే చోటు ఇంకోటి లేదు.

వంతెనల సందర్భం వచ్చింది గనక ఒక పాత సంగతి. హేవలాక్ వంతెన 1900లో తెరిచే దాకా ఇక్కడ గోదావరి మీద పట్టా లేదు. ఇటు బండి ఇటే, అటు బండి అటే. నడుమ పడవ. అంటే ఒక పెట్టె మద్రాసు వైపు నుంచి వాల్తేరు వైపు పోవాలంటే ఒక పెట్టెలోంచి దిగాలి, పడవెక్కాలి, దిగాలి, మళ్లీ ఇంకో పెట్టెక్కాలి. ఆ రోజుల్లో కొవ్వూరు రేవులో “పెట్టె పెట్టెలో పెట్టారా” అన్న మాట ఒక్కో కుటుంబం ఎన్నిసార్లు అనుకుని ఉంటుందో. ఆ వంతెన 1997లో విరమించుకుంది. ఇప్పుడు పక్కనున్న విల్లు ఆకారపు వంతెన మీదుగా పెట్టెలు దిగకుండానే దాటుతున్నాయి.

లక్షణ విచారం. ఇక అసలు చిక్కు ఇది. రైలు పెట్టెకు లక్షణం చెప్పమంటే “చక్రాలున్న పెట్టె” అనే వాళ్లం. ఒక్క మాటలో అయిపోయేది. అమెరికాలో బెర్నార్డ్ సాడో అనే ఆయన సూట్‌కేసుకు నాలుగు చక్రాలు, లాగడానికో పట్టీ తగిలించి 1972లో పేటెంటు పుచ్చుకున్నాడు. 1987లో రాబర్ట్ ప్లాత్ అనే విమానం పైలట్ దాన్ని నిలువుగా లేపి, రెండు చక్రాలు, పొడుగాటి పిడి పెట్టాడు. తరవాత అది మన సంత దాకా వచ్చింది. దాంతో మన లక్షణానికి అతివ్యాప్తి దోషం పట్టింది. చక్రాలున్న పెట్టె అంటే ఇప్పుడు రైలు పెట్టే కావచ్చు, ఆవకాయ జాడీ ఉన్న పెట్టే కావచ్చు.

పోనీ “పట్టా మీద పోయే చక్రాల పెట్టె” అందామా? ప్లాట్‌ఫారం గచ్చు మీద కళ్లులేని వాళ్ల కోసం వేసిన పసుపు పలకల గాళ్లలో ట్రాలీ పెట్టె చక్రాలు పడి, ఆ దారినే గడగడలాడుతూ పోవడం చూసినవాడు ఆ ధైర్యం చెయ్యడు. “మనుషులు లోపల కూర్చునేది” అందామంటే బండి ఆలస్యమైన రాత్రి స్టేషన్లలో పిల్లలు సామాను పెట్టె మీద కూర్చుంటే తల్లి లాక్కుపోతుంటుంది. లోపలా పైనా అన్న తేడా తప్ప వాహన లక్షణం పూర్తిగా సరిపోయింది. జనరల్ పెట్టెలో లోపలా పైనా అన్న తేడా కూడా ఎప్పుడూ గట్టిది కాదు.

అలంకారం. ఒకే అక్షరాల గుంపు వేరు వేరు అర్థాలతో తిరిగొస్తే యమకం. మాటా అర్థమూ ఒకటే అయి తాత్పర్యం మాత్రం వేరైతే లాటానుప్రాసం. బ్రౌన్ కాలంలో ఈ వాక్యమే లేదు, పుట్టి ఉంటే అర్థం కాకపోయేది. ట్రంకు పెట్టెల కాలంలో ఇది నిస్సందేహంగా యమకం: ఒకటి మోసేది, ఒకటి మోయించుకునేది. ట్రాలీ వచ్చాక రెండూ చక్రాలవే, రెండూ లాగితే పోయేవే. అర్థభేదం ఇంతగా అరిగిపోయాక దీన్ని లాటానుప్రాసం అనక తప్పదని టీకాకారుడి నిర్ణయం. ఒక వాక్యం తనలో ఒక్క అక్షరం మారకుండా అలంకారం మార్చుకోవడం అరుదు. అలంకార శాస్త్రజ్ఞులు రాజమండ్రి వైపు ఎక్కువమంది ఉన్నారు. అభ్యంతరముంటే వంతెన దాటి రావచ్చు.

పాఠాంతరం. “బ్యాగు మన కోచ్‌లోనే పెట్టారా” అని కూతురు తరం వారి ప్రతిలో కనిపిస్తుంది. అర్థం స్పష్టంగా ఉంది, అదే దాని లోపం. టీకాకారుడికి పని మిగల్లేదు. ఇందులో ప్రాస చచ్చిపోవడమే కాదు, సామానూ పోయింది. పెట్టె అంటే మూత, తాళం, లోపల మడతలు. బ్యాగు అంటే జిప్పు. “పెట్టే బేడా సర్దుకో” అని ఇంట్లోంచి గెంటవచ్చు. బ్యాగు సర్దుకొమ్మంటే ఏదో ఊరెళుతున్నాడనుకుంటారు. (బేడా అంటే ఏమిటని కొందరడుగుతారు. బేడ అంటే రెండణాలు గనక గెంటేటప్పుడు పెట్టెతో పాటు దారి ఖర్చు కూడా ఇచ్చేవారేమో. ఇది టీకాకారుడి కల్పన, ప్రమాణంగా తీసుకోవద్దు.)

మన. మా అంటే ఎదుటివాడిది కాదు, మన అంటే ఇద్దరిదీ. రైల్వే వారి పెట్టె మనది ఎట్లా అయింది? టిక్కెట్టు వల్ల. ఎంత మేర? 72 పడకల్లో రెండు, అంటే ముప్పై ఆరో వంతు, అదీ తెల్లారే దాకా. అయినా ఎక్కిన అయిదు నిమిషాల్లో ప్రతివాడికీ తన పెట్టె మీద పక్క పెట్టె వాళ్లకు లేని మమకారం వస్తుంది. “ఇది రిజర్వేషనండీ, వెనక్కెళ్లండి” అని గుమ్మంలో చెయ్యి అడ్డం పెట్టేవాడు అంతకు ముందు స్టేషన్లో అదే గుమ్మంలో తోసుకుంటూ ఎక్కినవాడే.

లోనే. ఈ వాక్యానికి ప్రాణం ఇక్కడుంది. “లో” అధికరణం, చివరి ఏకారం అవధారణం. “పెట్టెలో పెట్టారా” అంటే అది ప్రశ్న. “పెట్టెలోనే పెట్టారా” అంటే వేరే పెట్టెలో పెట్టారన్న సంగతి ఆవిడకు తెలిసిపోయిందని. ఇరవై రెండు పెట్టెల బండి, 23.54 మీటర్ల లెక్కన అర కిలోమీటరు పైమాట. ప్లాట్‌ఫారం మీద బోర్డులో బీ-2 అని వెలిగిన చోట బీ-4 వచ్చి ఆగడం ఎరుగని ప్రయాణికుడు లేడు. భర్త దొరికిన గుమ్మంలో ఎక్కాడని, పెట్టె అక్కడే ఎవరి కాళ్ల దగ్గరో వదిలి భార్యను వెతుక్కుంటూ వచ్చాడని ఆ ఒక్క ఏకారంలో ఉంది. దీన్నే పెద్దలు ధ్వని అన్నారు.

పెట్టారా. ఇది క్రియ. “ఆ” ప్రశ్నార్థకం అని బడిలో చెబుతారు. కాపురంలో ఆ అర్థం వాడుకలో లేదు.

తాత్పర్యం. వెళ్లి పెట్టె తీసుకురండి.

శేషం. ఆయన వెళ్లాడు. బీ-4లో పెట్టె భద్రంగానే ఉంది. పిడి పైకి లాగి వెనక్కి బయల్దేరాడు. రెండు పెట్టెల మధ్య ఊగే ఇనప రేకు మీద ఒక చక్రం ఇరుక్కుంది. అటు తలుపు, ఇటు తలుపు, నడుమ ఆయన, ఆవకాయ. బాత్రూముకు బయల్దేరిన ఒక పెద్దాయన నిద్రకళ్లతో వచ్చి దారికి అడ్డంగా ఉన్నదాన్ని చూశాడు.

“ఆ బండి కాస్త పక్కకి తియ్యండి బాబూ.”

“బండి కాదండీ, పెట్టె.”

“పెట్టంటే మనం ఎక్కిందండీ, ఆయ్.”